తొక్కలో ఉందట

ఆరు కొట్టకముందే స్కూటీ తీస్తాను.
కాళ్ళ మధ్య ఐసుపెట్టె, అందులో ఖాళీ గొట్టాలు.
శివాజీపాలెంలో ఇద్దరు, ఎంవీపీలో ఒక బాలింత,
ఆఖర్న లాసన్స్ బే కాలనీ, మూడో అంతస్తు, లిఫ్టు లేదు,
భుజంగరావు గారి ఎడంచెయ్యి.
కుడిచేతిలో నరం దొరకదు.

డాక్‌యార్డులో ముప్ఫైనాలుగేళ్ళు
ఓడల పొట్టలకి తుప్పు గీకించిన మనిషి.
ఇప్పుడు తన లోపలి గొట్టాల గురించి
పేపరు ముక్క కత్తిరించి ఫ్రిజ్ తలుపుకి అంటించుకున్నాడు:
"ఎర్ర ద్రాక్షసారా, మితంగా, గుండెకి మేలు చేయవచ్చు."
చివరి మాట మీద బొటనవేలు పెట్టి
మిగతాది నాకు చదివి వినిపిస్తాడు.

ఫ్రిజ్‌లో నాసిక్ సీసా, పక్కనే దగ్గుమందు మూత.
రోజుకి పది మూతలు, గీత దాకా, కంటి ఎత్తున పట్టుకుని.
పదకొండోది వంపితే
వంటింట్లోంచి సరోజినమ్మ గారు దగ్గుతారు.

"రాత్రి తీసుకోలేదు కదండీ?"
"నిన్న సెలవిచ్చాను దానికి. మంచి కొవ్వు పెరిగిందో లేదో
చూడు నూకరత్నం."
నేను చూసేదాన్ని కాదండీ, తోడేదాన్ని.
పిడికిలి బిగించండి.

ఎర్రమూత గొట్టంలోకి నెమ్మదిగా ఎక్కుతుంది.
బాల్కనీ వైపు ఎత్తి పట్టుకుంటే
అవతల సముద్రం ఇంకా బూడిదరంగులోనే ఉంటుంది.

మితం.
ఆ మాట మా ఇంట్లో ఎప్పుడూ లేదు.
జాలరిపేటలో మా అయ్య వేట నుంచొచ్చిన రోజు
సీసా అడుగే గీత,
చేపల డబ్బు అడుగే గీత.
కేజీహెచ్ వరండాలో, మంచం దొరక్క, చాప మీద
పసుపెక్కిన కళ్ళతో నన్ను గుర్తుపట్టలేదు.
అప్పుడు అయ్య చేతికి సూది గుచ్చిన అమ్మాయిని చూసే
నేనీ పని నేర్చుకున్నాను.
అతను తాగిందీ సారాయే.
ముందు ద్రాక్ష చేరితే దానికి ఫ్రిజ్‌లో చోటు,
పేపర్లో "చేయవచ్చు".

రిపోర్టు వచ్చింది. ముప్ఫైఎనిమిది ఉండేది, నలభైయొకటి.
మూడు!
ఆయన మూడు వేళ్ళు ఎత్తి మెట్ల మీదే నిలబడ్డాడు.
మహారాణిపేట డాక్టరమ్మ మాత్రం
కళ్ళజోడు తియ్యకుండానే అందిట:
"మూడంటే మిషను తుమ్మినా వస్తుంది.
సీసా ఎక్కడ కొంటారు?"
"ఎంవీపీ సర్కిల్ దగ్గర."
"ఎలా వెళ్తారు?"
"స్కూటరు అబ్బాయి లాక్కున్నాడుగా, నడిచే."
రానూ పోనూ, రైతుబజారు చుట్టూ తిరిగి,
ఎండ తగ్గాక, తెలిసినవాళ్ళతో ఆగి ఆగి.
సీసాకెంత, నడకకెంత,
ఆ ఆగిన కబుర్లకెంత,
ఏ గొట్టంలో పోసి తేలుస్తాం?
"తాగేవాళ్ళు కొంచెంలోనే ఆగండి అంటాను,
తాగనివాళ్ళని మొదలెట్టమని చచ్చినా అనను.
బీపీ బిళ్ళ మానారో, చూడండి."

ఇదంతా ఆయనే చెప్పాడు, కాస్త చిన్నబుచ్చుకుని.
మళ్ళీ అంతలోనే గొంతు పెంచి,
"అయినా అసలు గుణం తొక్కలో ఉందటమ్మా, నల్లద్రాక్ష తొక్కలో!"
సరోజినమ్మ గారు కాఫీ గ్లాసు నా చేతికిస్తూ,
"నలభైయేళ్ళుగా నేనంటున్నదీ అదేగా,
ఈయనది తొక్కలో గుణం అని."
నవ్వుకి గ్లాసు తొణికి
నా యూనిఫారం మీద మరక పడింది.

మధ్యాహ్నం పూర్ణా మార్కెట్లో
నల్లద్రాక్ష పావుకిలో తీసుకున్నాను.
బేరం ఆడలేదు, ఎందుకో.
ఉప్పునీళ్ళలో కడిగి పళ్ళెంలో పెట్టి
తొక్కతో తినమని చెప్పాను అమ్మకి.
ఒకటి నోట్లో వేసుకుని, చప్పరించి,
తొక్క అరచేతిలోకి ఉమ్మేసింది.
"వగరు," అంది.
కాసేపటికి పళ్ళెం మళ్ళీ దగ్గరికి లాక్కుంది.
అయ్య ఊసు ఇద్దరం ఎత్తలేదు.