బడును

దస్తగిరి పిలిస్తే బోర్డు రాయడానికి పోయినా.
గిరింపేట షెడ్డులో, రెండు ట్యూబులైట్ల కింద,
ఆ ఇటలీ బండి.
ఎండుమిరప కాదు, దానిమ్మ గింజ కాదు,
కోసిపెట్టి మరిచిపోయిన బీట్‌రూటు రంగు.
చెప్పుకోకూడదు గానీ కలిపింది నేనే,
పదకొండు డబ్బాలు చెడగొట్టినాక.

గ్రానైట్ పరంధామనాయుడు
ఓడలో రాళ్ళు పంపి, ఓడలో దీన్ని తెప్పించినాడంట.
ఆయన పోయినాక బెల్లం గోడౌన్లో పద్దెనిమిదేండ్లు.
పాత ఇనుము లెక్కన తూకానికి కొని
దస్తగిరి తలుపు తీస్తే
ముందు సీట్లో కండ్లు తెరవని ఎలుకపిల్లలు ఏడు.
"పిస్టన్లు కదల్లేదు ఏకాంబరం,
అరిసెల పాకం ముదిరినట్టుండాది లోపల."

తొమ్మిదేండ్లు.
గేరు పండ్లు అంబత్తూరు లేతులో కోయించినాడు,
సీట్లకు రాణిపేట తోలు,
గాస్కెట్టు తన చేత్తోనే కత్తిరించుకున్నాడు.
మీటర్ల మీద అరిగిన అక్షరాలు మాత్రం నాకిచ్చినాడు.
మూడు వెంట్రుకల కుంచె. ఊపిరి బిగబట్టి
అర్థం తెలీని భాషను తిరగరాసినా:
ఓలియో. బెంజీనా. ఆక్వా.
ఒక్కదానికీ చివర పొల్లు లేదు.
మనోళ్ళెవరో అక్కడికి పోయి పేర్లు పెట్టినట్టు
అన్నీ నోరు తెరుచుకోనే ఆగుతాయి.

నీళ్ళ వేడి చూపే ముల్లును దస్తగిరి అక్క అనేవాడు.
మొగిలి ఘాటులో మొదటిసారి తోలిన రోజు
మూడో మలుపు కాడ
"అక్క లేస్తా ఉంది, అక్క లేస్తా ఉంది" అని నిలిపి,
బానెట్ ఎత్తి, రెండు బిందెలు పోసి,
ఆమె శాంతించేదాకా
చేతులు కట్టుకోని పక్కన నిలబడినాడు.

ఇప్పుడు రోడ్డు వెడల్పు చేస్తారంట.
షెడ్డు గోడమీద మున్సిపాలిటీ ఎర్ర గుర్తు.
గుర్తుకు పన్నెండు రూపాయలు.
అది వేసిందీ నేనే.

ముప్పై ఏండ్లుగా రాస్తా ఉండా ఈ మాట:
ఇండ్లకు, ప్లాట్లకు, చూడి బర్రెలకు,
ఒకసారి ఒక క్లారినెట్టుకు.
అమ్మబడును.
ఎవరు అమ్ముతారో చెప్పదు ఆ మాట.
చేసేవాడు పక్కకు తప్పుకుంటాడు,
పని మాత్రం జరిగిపోతాది.

మొదటి రెండక్షరాలు పెట్టి టీకి పోయినా.
వచ్చేసరికి దస్తగిరి
పలక ముందర గొంతుకూర్చోని ఉండాడు.
"ఇక్కడే ఆపేస్తే?" అన్నాడు.
ఆపలేదు. రంగు ఆరితే అతుకు కనిపిస్తాది.

కోయంబత్తూరు నుంచి ఒకాయన వచ్చినాడు,
తెల్ల చేతి తొడుగులతో.
అయస్కాంతం ఆనించి చూసినాడు,
కిందికి అద్దం తోసి చూసినాడు.
"ఇందులో ఒరిజినల్ ఎంత?"
దస్తగిరి వేళ్ళు మడిచి లెక్కబెట్టుకున్నాడు,
మళ్ళా విప్పేసినాడు.
తాళం తిప్పి, ఇంజను గొంతు సవరించుకునేదాకా ఆగి,
"శబ్దం" అన్నాడు.
"శబ్దం మొత్తం వాళ్ళదే సార్."

బేరం అయిపోయింది.
దూరాలు పోవడానికే పుట్టిన బండిని
లారీ ఎక్కించి, టార్పాలిన్ కప్పి, తాళ్ళు బిగించి
తీసకపోయినారు.
దస్తగిరి రేడియేటర్ మూత ఒకసారి తిప్పి చూసి
ఎవరికో అప్పజెప్పినట్టు
"ఎండలో జాగ్రత్త" అన్నాడు.
లారీ డ్రైవరు తనకనుకోని తలూపినాడు.

మొన్న ఆ పలకనే పట్టుకోని
మురకంబట్టు నుంచి వచ్చినాడు, కొత్త షెడ్డుకంట.
"ముందుది తుడిచి 'పంచర్లు వేయ' అని పెట్టు.
వెనకది మంచిగానే ఉండాది గదా, ఉండనీ."
రెండు పూతలు వేసినా తెల్లరంగు.
తడిమీద ఇంకా కనిపిస్తానే ఉన్నాయి ఆ రెండక్షరాలు,
మూడో పూత వేయాల్సింది, వేయలేదు.
డబ్బా అడుగున బీట్‌రూటు రంగు
గుక్కెడు మిగిలుంటే
దాంతోనే రాసిచ్చినా.