సేవ్ చెయ్యలేని గది

నాగవేణీ,
మొహమాటం లేకుండా చెప్పమన్నావు.
కమ్మనహళ్లిలో కరెంటు పోయింది.
లాప్‌టాప్‌లో పదకొండు శాతం.
నీ ఆటలో నా లాంతరుకీ
ఇంచుమించు అంతే నూనె.

ముందు తిట్లు.
సంచీలో పన్నెండు వస్తువులే పడతాయి.
వేపమండా, పసుపుకొమ్మూ, గుర్రపులాడం,
మెట్టుకొకటి పారేస్తూ దిగాలి.
పారేసింది మళ్ళీ కనపడదు.
కత్తి విసిరితే దెబ్బ అరక్షణం ఆలస్యం,
ఈలోగా రెండుసార్లు చచ్చిపోతాను.
మూడో అంతస్తు నుంచి ఐదో అంతస్తు దాకా
అదే గోడ, అదే పగులు, అదే బల్లి.
బల్లి బాగా గీశారు, కాదన్ను.
కానీ ఒకే బల్లి
నూట నలభై సార్లు!
మ్యాపు సంగతి ఎత్తను.
మెజెస్టిక్‌లో మొదటిసారి బస్సు దిగిన రోజు కూడా
నేనింత దారి తప్పలేదు.

ఆఫీసులో నా పని ఇదే కదా,
తప్పు ఒక గడిలో, తీవ్రత ఒక గడిలో,
మళ్ళీ ఎలా జరిపించాలో ఇంకో గడిలో.
బాగున్నది రాయడానికి గడి ఉండదు.
అందుకే ఇది అలవాటు లేని చేత్తో రాస్తున్నా.

నీ ఆట ఎండిన బోరులోంచి మొదలవుతుంది.
పద్నాలుగొందల అడుగులు. మూత తీసి దిగాలి.
కింద చెరువుంటుంది.
లేఅవుటు వేసి, సైట్లు కోసి,
స్టాంపు కాగితాల మీద పూడ్చేసిన చెరువు.
చచ్చాక అది కిందికి దిగింది,
తనతో చేపల్నీ, చాకిరేవు బండల్నీ,
ఈతరాని ఒక పిల్లాణ్నీ తీసుకుని.
ఎక్కడా కేకల్లేవు.
హెడ్‌ఫోన్లలో నీళ్ళ చప్పుడొక్కటే,
అదీ ఎడమ చెవిలోనే.
నిన్న రాత్రి అది విని లేచి
వంటింట్లో కొళాయి కట్టానో లేదో చూసొచ్చాను.
మూడు రోజులుగా కొళాయికి నీళ్ళే లేవు.

దెయ్యాలన్నిటికీ నీ గొంతే.
డబ్బుల్లేక, అన్నావు.
ముసలమ్మకి బొంగురు చేశావు, పిల్లాడికి సన్నం చేశావు,
మన మాలూరు యాసని మాత్రం
ఏ మీటా తిప్పి దాచలేకపోయావు.
చీకట్లోంచి ఒకతె
"యాడికి పోతావప్పా?" అనడిగితే
కత్తి తియ్యడం మరిచి
పైకే జవాబు చెప్పాను.
లోపమా ఇది? బలమా?
ఆ గడి ఖాళీగా వదిలేశా.

ఇప్పుడు ఆరో అంతస్తు.
ఆ గదిలో సేవ్ కాదు.
పిల్లాడు గోడవైపు తిరిగి నిలబడి ఉంటాడు,
ఎటునుంచి వెళ్ళినా వీపే.
నాలుగు రాత్రులు భయపడ్డాక నిన్నడిగితే
నవ్వేశావు.
ముఖం గీసేలోపే జిబిన్‌కి
రమ్మీ కంపెనీలో ఉద్యోగం వచ్చిందట,
అందుకని గోడకి తిప్పి పెట్టావట.
సేవ్ కాకపోవడం కూడా బగ్గేనట,
వచ్చే వారం సరిచేస్తావట.

ఒక మాట చెప్పనా.
ఆ గదిలో లాంతరు కింద పెడితే
నూనె తగ్గదు.
ఇది నీకూ తెలిసుండదు.
కొట్టడానికి ఎవరూ లేరు, ఏరుకోవడానికి ఏమీ లేదు,
బయటికెళ్ళి చస్తే మళ్ళీ బోరు దగ్గర్నుంచే.
నేనూ వాడూ నలభై నిమిషాలు కూర్చున్నాం.
వాడు నిలబడే ఉన్నాడనుకో.
ఈ ఊళ్ళో తొమ్మిదేళ్ళలో
నన్ను ఏమీ అడగకుండా
పక్కన అంతసేపు ఉన్నవాళ్ళు
వేళ్ళమీద లెక్కపెట్టినా
వేళ్ళు మిగులుతాయి.

కత్తి సరిచెయ్యి.
సంచీ పెద్దది చెయ్యి.
ఎవర్నైనా బతిమాలి ఇంకో రెండు బల్లులు గీయించు.
రెండొందల నలభై రూపాయలు పెట్టి కొన్నవాళ్ళు
మ్యాపు గురించి తిడతారు, తిట్టనీ.
వాడి ముఖం మాత్రం గీయించకు.

నాలుగు శాతం.
ఇక్కడిదాకా ఆడింది పోయినట్టే.
కింద వీధిలో నీళ్ళ ట్యాంకరు ఆగిన చప్పుడు,
ఎడమవైపు నుంచి.
బిందె పట్టుకుని దిగుతున్నా.