నోబిడ్

కందుకూరు డిగ్రీ కాలేజీలో
వారానికి రెండు గంటలు, మధ్యాహ్నం అన్నం తిన్నాక,
'విమర్శనాత్మక ఆలోచన' అనే పేపరు నాకిచ్చారు.
నేను కామర్స్ వాణ్ణి.
ఖాళీగా కనపడ్డాను, అంతే.

మొదటి రోజు బోర్డు మీద రాశాను:
దేన్నీ ఊరికే నమ్మొద్దు, ప్రశ్నించండి.
నలభై ఇద్దరు తలలొంచుకుని
నలభై రెండు నోటుబుక్కుల్లోకి ఎక్కించుకున్నారు.
స్కేలు పెట్టి కింద గీత కూడా కొట్టారు.
ఎవరూ ఏమీ అడగలేదు.
చివరికి మాల్యాద్రి లేచాడు.
"ఇది పరీక్షకొస్తదా సార్?"

నవ్వాను గానీ
ఆ గదిలో పుట్టిన మొదటి ప్రశ్న అదే.

రెండో వారం చిక్కుముడి నేనే వేశాను.
ఊరు ఒక్క అడుగు కదల్లేదు,
పామూరు రోడ్డు గతుకులు ఎక్కడివక్కడే.
ప్రకాశంలో పడుకుని నెల్లూరులో లేచామొకనాడు.
మారిందేంది? ఊరా, మనమా, బోర్డు మీది రంగా?
"రంగే" అన్నారు కొందరు.
"కలెక్టరాఫీసుకి బస్సు ఛార్జీ" అన్నాడు మాల్యాద్రి.
పుస్తకమంతా వెతికాను,
ఆ జవాబు ఏ పేజీలోనూ లేదు.

ఆ తర్వాత, వాదన.
ఆధారం, ఇంకో ఆధారం, వాటి కింద నిర్ణయం.
నేను బాణాలు గీస్తూనే ఉన్నాను,
కిటికీ పక్కన హుస్సేన్‌బీ
చెయ్యి సగం ఎత్తి దించుకుంది.
వాళ్ళమ్మ పొగాకు కంపెనీలో గ్రేడింగుకి పోతుంది,
సెలవుల్లో ఈమె కూడా.

"బేలు మాదిరి గదా సార్.
పైన రెండు వరసలు మేలాకు పేరుస్తారు,
నిమ్మపండు రంగు, కళ్ళు చెదిరిపోతాయి.
లోపల మాడింది, పచ్చిది, తడి కొట్టింది.
తెలిసినోడు పైన చూడడు సార్,
మోచేతి దాకా పెట్టి
నడిమి ఆకు ఒకటి లాగుతాడు.
మాటల్నీ అట్టా చూడాలంటారు, అంతేగా?"

అంతే.
అంతేనని చెప్పడానికి
నా దగ్గర ఇంకా పద్దెనిమిది పేజీలున్నాయి.

ఇక క్లాసు వేలం కేంద్రమైపోయింది.
మా తాత తొంభై ఏళ్ళు చుట్ట తాగాడు, ఏమైంది?
వాడు ఇంటరు తప్పినోడు, వాడి మాటేంది?
పదిమందీ అంటున్నారంటే ఉత్తినే అంటారా?
ఇంట్లో విన్నవి, ఫోన్లో వచ్చినవి
ఒక్కొక్కటీ బల్ల మీదికెత్తి
లోపల తడిమి
"నోబిడ్ సార్!" అని అరిచేవాళ్ళు.
పక్క గదిలోంచి హిస్టరీ మేడం గోడ కొట్టేది.

డిసెంబరులో, బెంచీలు సగం ఖాళీ అయిన రోజు
విసుగుతో నోరు జారాను.
"చదువుకుంటే బతుకు బాగుపడుద్ది. నమ్మండి."

హుస్సేన్‌బీ ఈసారి చెయ్యి పూర్తిగా ఎత్తింది.
"మీరు రెండు పీజీలు చేశారు గదా సార్.
ఆగస్టు నుంచి మీకు జీతం రాలేదంట."
మర్యాదగానే అడిగింది.
మోచేతి దాకా.

ఫ్యాను ఒకటే తిరుగుతోంది.
"ఒక్క బేలు చూసి పంటంతా ఇంతే అంటే
తప్పు గదమ్మా" అన్నాను, ఎట్టాగో తేరుకుని.
"తప్పే సార్" అంది.
"మిగతా బేళ్ళు చూపించండి మరి."
కూర్చుంది.

ఇంటికి పోయి లెక్కేసుకున్నాను.
నాతో చదివినోళ్ళు, నాకు చదువు చెప్పినోళ్ళు,
చదవకుండా టైర్ల కొట్టు పెట్టిన మా బావమరిది.
లెక్క తేలలేదు.
తేలినట్టు మర్నాడు వాళ్ళతో అనలేదు,
అదొక్కటే నేను సరిగ్గా చెప్పిన పాఠమేమో.

ఇప్పుడు పేపర్లు దిద్దుతున్నాను.
వాదన అనగానేమి? రెండు మార్కులు.
నలభై ఒక్క పేపర్లలో నా వాక్యమే,
నేను ఆగిన చోటల్లా కామాతో సహా.
ఆమె కూడా అదే రాసింది,
రాసి, ఒక గీత వదిలి,
కింద చిన్న అక్షరాలతో:
'ఇది సార్ చెప్పింది.
నేనింకా చెయ్యి పెట్టి చూడలేదు.'

దీనికి ఎన్ని మార్కులో
యూనివర్సిటీ పంపిన కాయితంలో లేదు.
ఎర్ర పెన్ను మూత తీసి ఉంది.
చీకటి పడుతోంది, లైటు వేసుకోవాల.