తొంభై పాయింట్ల గాలి

మా పాత కంప్రెసర్ ఇరవై నాలుగు లీటర్లది.
ఇసుక గన్ను మీట నొక్కితే
నలభై లెక్కపెట్టేలోపే చతికిలబడుతుంది.
ఆ తర్వాత నాలుగు నిమిషాలు అది రొప్పుతుంటే
బెడ్‌ఫర్డ్ లారీ మడ్‌గార్డు మీద
అరచేయంత తేటపడ్డ చోటు చూసుకుంటూ
నేను నిలబడాలి.
మూడు చలికాలాలు ఇలాగే పోయాయి.
తుప్పుకి మాత్రం ఆయాసం రాదు.

"పెద్దది కొను, లేకపోతే లారీ అమ్మెయ్," అంది రోయిమాట.
రాత్రి డ్యూటీ నర్సు.
పగటి నిద్ర ఆమెది, పగటి మోత నాది,
మధ్యలో ఉన్నది సన్నటి అట్టగోడ.

ఇన్వర్‌కార్గిల్ దుకాణంలో
ఎర్రగా, కొత్త పెళ్ళికొడుకులా ఒకటి.
కుర్రాడు హార్స్‌పవర్ గురించి ఊదరగొట్టాడు.
"గుర్రాల సంగతి వదిలెయ్ బాబూ,
నిమిషానికి ఎన్ని లీటర్లు?
పీల్చేవి కాదు, బయటికి ఇచ్చేవి చెప్పు."
లేబులు చూశాడు, నన్ను చూశాడు, ఫోను చూశాడు.
దాని పక్కనున్న దున్నపోతుకి
మూడు ఫేజుల కరెంటు కావాలట.
మా గ్యారేజీలో ఉన్నది పదిహేను ఆంపియర్ల ప్లగ్గు.
ఆశకి ఫ్యూజు ఉండదు గానీ
గోడకి ఉంటుంది.

శనివారం, మటౌరా దాటాక,
వానలో నోలీన్ మెకెక్నీ గారి రేకుల షెడ్డు.
ఆమె దుప్పటి లాగింది:
పోతఇనుము సిలిండర్లు రెండు, బెల్టు,
నూట యాభై లీటర్ల ట్యాంకు.
లెస్ పోయి ఏడు నెలలైందని చెప్పి
దుప్పటిని నాలుగు మడతలు పెట్టుకుంది.

నూనె చూశాను, తేనెరంగు తగ్గలేదు.
ట్యాంకు అడుగున వేలితో కొట్టి విన్నాను.
మీటరు ముల్లు తొంభై దగ్గర ఉంది.
పట్టేసిందనుకుని గోటితో తట్టాను. కదల్లేదు.
"ఈమధ్య ఆన్ చేశారా?"
"దాని స్విచ్చి ఎక్కడుందో కూడా నాకు తెలీదు."

ఇత్తడి వాల్వు వెంట్రుకంత తిప్పాను.
గాలి చురుక్కుమని వేలికి తగిలింది.
ఏడు నెలలు!
ఏ మరకీ చెమ్మగిల్లకుండా
ఎంత ఓపిగ్గా బిగించాడో మహానుభావుడు.
ఇంతకన్నా గట్టి గ్యారంటీ కార్డు
ఏ దుకాణమిస్తుంది?
ఇక బేరమాడబుద్ధి కాలేదు.

"ట్రైలరెక్కించే ముందు గాలి తీసెయ్యాలండీ,"
అన్నాక గానీ
ఏమన్నానో నాకు తెలియలేదు.
ఆమె ముల్లు వైపు చూసింది.
"ఒక్క నిమిషం ఉండు."

వానలోకి వెళ్ళి
ఒంటిచక్రం బండి తోసుకొచ్చింది.
శరత్కాలం నుంచీ టైరు నేలకి కరుచుకునుంది.
"ముందు దీనికి కొట్టు."
కొట్టాను. బండి మోకాళ్ళ మీంచి లేచింది.
తర్వాత సైకిలు. తర్వాత మనవడి రగ్బీ బంతి.
బంతికి కావలసిన సూది
లెస్ దస్తూరీతో పేరు రాసిన డబ్బాలోనే దొరికింది.

ముల్లు ఇంకా ఎనభై ఐదు.
ఆమె షెడ్డంతా కలయజూసింది,
గాలి పట్టే వస్తువేదీ మిగల్లేదు.
"నేను టీ పెడతా. నువ్వు కానియ్,"
అని వెళ్ళి తలుపు వేసుకుంది.

నెమ్మదిగా వదిలాను.
ఆయన బల్ల మీది రంపంపొట్టు
కొంచెం పక్కకి జరిగింది.
చివర్న అడుగు మర విప్పితే
కప్పు నిండా తుప్పునీళ్ళు.
అవీ ఆయనవే.

టీ తాగుతుంటే చెప్పింది:
"ఆ బండి టైరు వారం కూడా నిలవదు.
లెస్ ప్రతి ఆదివారం కొట్టేవాడు."

పెద్దది మా గ్యారేజీలో కుదురుకుంది.
మోత బొంగురుది, అట్టగోడ దాటినా
రోయిమాట నిద్రని లేపదు.
మడ్‌గార్డు రెండు పూటల్లో తెల్లబడింది.

పై ఆదివారం పాతదాన్ని
కారు వెనక సీటులో పెట్టుకుని మటౌరా వెళ్ళాను.
ఒంటిచక్రం బండికి
నలభై లెక్కపెట్టేంత గాలి చాలు.
"స్విచ్చి ఇదండీ," అని చూపించాను.
ఆమె కళ్ళద్దాలు పెట్టుకుని
తనే నొక్కింది.
మోతకి ఉలిక్కిపడి, రెండు చెవులూ మూసుకుని,
ఆపమనలేదు.