ఎడమ చెవి

రువీలో మా గది ఏసీకి ఈల జబ్బు.
మస్కట్ అంతా బాగుచేస్తాను, మాదే వాయిదా.

కెజియా చెవిలో తీగ వేసిన నెలకి
మలయాళీ నర్సు మీట నొక్కింది.
పిల్ల నీలికళ్ళు గదంతా వెతికాయి,
ఎవరు తాకారు నన్ను, అన్నట్టు.
తర్వాత ఏడుపు. అది తనకే వినపడి
టక్కున ఆగింది. మళ్ళీ ఏడ్చి చూసుకుంది.

డాక్టరు రత్నం నుదుటిపై తెల్లపాయ చూశాడు.
మా అత్త అదృష్టమనేది. తను గోరింటాకుతో కప్పేది.
"ఈ పాయా, పిల్ల కళ్ళూ, చెవుడూ ఒకే వేరు," అన్నాడు.
"మరి మీ చెవులు?"
తను కొంగు మెలిపెట్టింది.
"ఎడమది పుట్టినప్పట్నుంచీ లేదు సార్."

పదకొండేళ్ళు
ఆ ఎడమపక్కనే పడుకుని
అప్పులు చెప్పాను, కఫీల్ తిట్లు చెప్పాను,
పలకదేమని గోడవైపు తిరిగి అలిగాను.

రాత్రి మిషను తీసి చార్జింగులో పెట్టాం.
పిల్ల తన నిశ్శబ్దంలోకి జారిపోయింది.
నేను మంచం చుట్టూ తిరిగొచ్చి కుడిపక్కన చేరాను.
"ఏసీ ఈలేస్తోంది," గుసగుసగా అన్నాను, "రేపు బాగుచేస్తా."
"వద్దు," అంది వెంటనే.
"పొద్దున పిల్లకి ముందు వినపడేది అదే."