గోధుమరంగు తీగ

మైనస్ ముప్పై ఎనిమిది. ఫ్లిన్ ఫ్లాన్‌లో
రెంచి ముట్టుకుంటే వేలి తోలు దానికే అంటుకుంటోంది.
డాష్‌బోర్డు కింద వెల్లకిలా దూరాడు ఒరెస్ట్.
గుప్పెడు తీగలు. ఏది ఎవరిదో
ఈ ముసలి బ్యూక్‌కే గుర్తున్నట్టు లేదు.
ముందు హారన్ అరిచింది.
తర్వాత డిక్కీ నోరు తెరిచింది.

"ఇంజన్ తిరుగుతోందిగా,
లైట్లతో పనేంటి? వదిలెయ్"
అన్నాడు పక్కింటి గ్లెన్.

ఒరెస్ట్ బదులివ్వలేదు.
పళ్ళ మధ్య టేపు ముక్క ఉంది.
గోధుమరంగు తీగ దొరికింది,
ఒలిచాడు, మెలిపెట్టాడు, చుట్టాడు.

తెల్లారుజాము నాలుగు.
బేకరీకి వెళ్ళాల్సిన హాన్యా
కిటికీ మంచుని గోటితో గీకి
రూపాయి బిళ్ళంత కన్నం చేసుకుని
రిమోట్ నొక్కింది.

ఇంజన్ ఎంత దగ్గినా
పుట్టినప్పట్నుంచీ ఆమె చెవిదాకా రాదు.

చీకట్లో రెండు పసుపు దీపాలు
ఒక్కసారి రెప్పలార్చాయి.

బూట్లు తొడుక్కుంది.