పగలగొట్టలేని కాయ

అర్స్లాన్‌బోబ్‌లో సెప్టెంబరు చివర
బడికి ఎవరూ రారు.
ఊరు ఊరంతా ఆవుల్నీ, సమోవార్లనీ, చంటిపిల్లల్నీ వెంటేసుకుని
అక్రోటు అడవిలో డేరాలు దిగుతుంది.
అందుకని గణాంకశాస్త్రాన్నే నేను కొండెక్కించాను:
ఒక నల్లబల్ల ముక్క, మందులషాపు వాళ్లిచ్చిన త్రాసు,
ఇరవై మంది పిల్లలు, పచ్చితొక్క రసానికి
నల్లబడ్డ రెండొందల వేళ్లు.

ఈ అడవిలో కాయ సగటు బరువెంత?
"అన్నీ తూస్తే సరి" అన్నాడు ఇల్ఖోమ్.
అన్నీ తూసేలోపు ఉడతలు ఊరుకుంటాయా?

తలా ముప్ఫై కాయలు. ఏ చెట్టు కిందికెళ్లాలో చీటీ చెబుతుంది.
కంటికి నచ్చింది ఏరొద్దని
గొంతు పోయేదాకా చెప్పాను.

సయోరా కాయలు పదకొండు పాయింట్ మూడు గ్రాములు.
అటో సున్నా పాయింట్ ఏడు, ఇటో సున్నా పాయింట్ ఏడు.
బల్ల మీద సుద్దగీత.
దాని కింద మరొకరిది, దాని కింద ఇంకొకరిది,
ఇరవై గీతలు
ఒకే దుప్పటి కింద పడుకుని
నిద్రలో తలో పక్కకీ దొర్లిన పిల్లల్లా.

"అంటే టీచర్, నా గీతలో అడవి సగటు ఉండే అవకాశం
తొంభై ఐదు శాతం."

ఏటా ఎవరో ఒకరు అంటారు.
ఓష్‌లో పరీక్ష రాసినప్పుడు నేనూ అదే రాశాను,
మార్కులు కూడా వేశారు.

ఆమె కుప్పలోంచి ఒక కాయ తీసి అరచేతిలో పెట్టాను.
పప్పు బాగుందా, పుచ్చిందా?
"తెలీదు."
నీకు తెలీదు. లోపల మాత్రం ఎప్పుడో తేలిపోయింది.
నువ్వు ఊపినంత మాత్రాన ఇప్పుడు కొత్తగా పుచ్చదు.
నీ గీతా అంతే.
చీటీలు ఇంకా టోపీలో ఉన్నప్పుడు
నూటికి తొంభై ఐదు గీతలు పట్టుకుంటాయన్నది మాట.
గీశాక, పట్టింది. లేదా తప్పింది.
ఆ తొంభై ఐదు గీతది కాదమ్మా, గీసే పద్ధతిది.
అడవి కదలదు. కదిలేవి మన గీతలే.

సయోరా రాయి తీసి కాయ పగలగొట్టింది.
తెల్లటి పప్పు. సగం నాకిచ్చింది.
నమిలి నమిలి, బల్ల వైపు చూసి,
"మరి దాన్నో?" అంది.

కాయలు కొనే ఖాల్మత్ అంతా విని
"అంత వెడల్పు నాకెందుకు, సగం చెయ్యండి" అన్నాడు.
సగం చెయ్యాలంటే నాలుగింతల కాయలు తూయాలి.
"పోనీ ఎన్నడూ తప్పని గీత?"
సున్నా నుంచి పుచ్చకాయ దాకా గీసిస్తాను, కొంటావా?
గాడిదని అదిలించి వెళ్లిపోయాడు.

ఇంతా చెప్పిన నేనే
ఒతాబెక్ గీత చూసి ఆగాను.
అందరికీ దూరంగా, కుడివైపు,
పన్నెండు పాయింట్ నాలుగు దగ్గర మొదలు.
పెద్దవి ఏరావు కదా? అన్నాను, అందరి ముందూ.

వాడు మాట్లాడలేదు.
టోపీ తీసి ముప్ఫై చీటీలూ గడ్డి మీద బోర్లించాడు.
ఒక్కొక్కటీ విప్పి చూశాను.
ఇరవై రెండు చీటీలు ఎండ తగిలే వాలువే,
కాయ బలిసే చోటువి.
మోసం కాదు. చీటీ అలా పడింది.

ఇరవైలో ఒకటి తప్పొచ్చని పదకొండేళ్లుగా చెబుతున్నాను.
ఆ ఒకటికి ముఖం ఉంటుందని,
చెవులు ఎర్రబడతాయని
ఏ పాఠంలోనూ చెప్పలేదు.
తప్పింది వాడిదేనని కూడా నాకెలా తెలుసు?

రాత్రి మంచుకి సుద్ద చెమ్మగిల్లింది.
వాడి గీత మాసిపోతుంటే లేచి
మళ్లీ దిద్దాను, అక్కడే, అంత పొడవే.
డేరా గుడ్డ మీద టప్పున ఏదో పడింది.
పొద్దున వెతికాను.
ఆవు తినేసినట్టుంది.